కత్తి తయారీ – 7వ పాఠం: అలుగుకు నీలం పట్టించడం

పోయిన పాఠంలో లారీ కమాను పట్టీతో చేసిన అలుగుకు 200 డిగ్రీల దగ్గర టెంపరింగ్ (గట్టిపడ్డ ఉక్కు పెళుసుదనం పోయేలా మళ్ళీ కాస్త వేడిచేయడం) చేసి, 400 నంబరు ఎమరీతో రుద్ది ఆపాం. పదును ఇప్పుడే పెట్టకండి, అది ఈ పని అయ్యాకే.

ఉక్కును కాలిస్తే 300 డిగ్రీల దగ్గర నీలం దానంతటదే వస్తుంది. కానీ ఆ వేడికి అలుగు మెత్తబడుతుంది. గడియారం ముళ్ళకైతే సరే, కత్తికి వద్దు. సీసాల్లో అమ్మే బ్లూయింగ్ మందుల్లో చాలావాటిలో సెలీనియం అనే విషపదార్థం ఉంటుంది, వంటింటి కత్తికి నేను వాడను. కాస్టిక్ సోడాను 140 డిగ్రీల దాకా మరిగించే పద్ధతి ఫ్యాక్టరీలకే వదిలేయండి. మనకు మిగిలింది తుప్పుతో చేసే నీలం. మరిగే నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి టెంపరింగ్ చెడదు. స్టెయిన్‌లెస్ అలుగైతే ఇది పనిచేయదు.

ముందు జిడ్డు పోవాలి. అంట్ల సబ్బుతో కడిగి, అసిటోన్‌తో తుడవండి. నీళ్ళు పోస్తే చుక్కలుగా విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకోవాలి. విడిపోతే మళ్ళీ కడగాల్సిందే. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేలిముద్ర పడితే అక్కడ మచ్చ ఖాయం.

మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ అర కప్పు, తెల్ల వెనిగర్ ఒక టేబుల్ స్పూను, ఉప్పు అర టీస్పూను కంటే కాస్త తక్కువ. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని ఆరుబయట కలపండి. మిగిలింది పారబోయండి. సీసాలో పోసి మూత బిగిస్తే గ్యాసు పట్టి పగలొచ్చు. దూదిని ముంచి, బాగా పిండి, అలుగు మీద పల్చగా ఒక్కసారే రాయండి. కారేలా పూస్తే గుంటలు పడతాయి.

ఇక తుప్పు రావాలి. కార్తీకంలో తిరుపతిలో వానలు పట్టినప్పుడు ఇది త్వరగా వస్తుంది. మే నెల ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, అట్టపెట్టెలో వేడినీళ్ళ గ్లాసు పక్కన అలుగును వేలాడదీసి మూసేయండి. నారింజ రంగు నూగు అంతటా సమంగా రాగానే, వంటకు వాడని గిన్నెలో బ్యాటరీ నీళ్ళు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) పోసి 20 నిమిషాలు మరిగించండి. బోరు నీళ్ళయితే తెల్ల మరకలు పడతాయి. మరుగుతుండగానే ఎర్ర తుప్పు మాగ్నటైట్‌గా, అంటే నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారి నల్లబడుతుంది. మొదటిసారి చూసేవాళ్ళకు ఇది గారడీనే.

ఆరాక, అసిటోన్‌లో కడిగిన 0000 నంబరు స్టీల్ ఊల్‌తో (అతి సన్నటి ఉక్కు పీచు) మెల్లగా రుద్దితే పైన మసిలాంటి పొర పోతుంది, కింద పట్టిన రంగు నిలుస్తుంది. మొదటి విడతకు బూడిద రంగే వస్తుంది. కంగారు పడొద్దు. రాయడం, తుప్పు, మరిగించడం, రుద్దడం, ఇలా ఐదారు విడతలు చేయాలి. చివరికి వచ్చేది నిజానికి నలుపే. ఏటవాలు ఎండలో పెట్టి చూస్తేనే నీలం ఛాయ కనబడుతుంది.

ఆఖరిసారి మరిగించి తీసి, వేడి మీదే నూనె పట్టించి ఒక రాత్రి వదిలేయండి.

ఒక్క మాట. చింతపండు, నిమ్మకాయ, పచ్చి మామిడి పులుపు ఈ రంగును తినేస్తుంది. మన చిత్తూరు తోటల్లో తోతాపురి కోసే కత్తికైతే ఈ శ్రమంతా దండగ. పోక చెక్కలకో, కొబ్బరికో వాడే కత్తికి చేసుకోండి.

వచ్చే పాఠంలో పిడి బిగించి, పదును పెడదాం. అప్పటికి ఎర్రచుక్క ఎక్కడైనా మొలిస్తే ఆ చోట మళ్ళీ మరిగించి, నూనె రాయండి.