కచ్చి దమ్ బిర్యానీ ఇంట్లో ఎందుకు చెడుతుంది, ఎలా సరిచేయాలి

హైదరాబాదీ కచ్చి బిర్యానీలో మటన్ పచ్చిగానే గిన్నెలోకి వెళ్తుంది. దాని మీద సగం ఉడికిన అన్నం పరుస్తాం. మూతకి పిండి అంటించాక ఇక తీసి చూసేది, కలిపేది ఉండదు. ముక్క ఉడకడానికీ, అన్నం పూర్తవడానికీ కావాల్సిన తడి అంతా పెరుగులోంచి, మాంసంలోంచి, అన్నంతో వచ్చిన కాస్త ఎసరులోంచే రావాలి. అందుకే బిర్యానీ చెడినప్పుడు మసాలాని అనుమానించే ముందు రెండు విషయాలు చూడాలి: గిన్నెలో తడి ఎంత ఉంది, ఆవిరి సరిగ్గా పట్టిందా లేదా. కింద చెప్పే కొలతలు కిలో మటన్‌కి, కిలో పాత బాస్మతికి.

అన్నం అయిపోయింది, ముక్క ఉడకలేదు

అందరినీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కారణాలు నాలుగైదు ఉంటాయి, చాలాసార్లు రెండు మూడు కలిసే వస్తాయి.

మొదటిది మాంసమే. ముదురు మటన్ గంట దమ్‌లో ఉడకదు, దాన్ని ఏ మసాలా కాపాడలేదు. కచ్చికి లేత మేక కావాలని కొట్టులో ముందే చెప్పి, తొడ, ముందు కాలు ముక్కలు ఎముకతో సహా తీసుకోండి. ముక్కలు మరీ పెద్దవి వద్దు. దొరికింది లేతదో ముదురుదో తెలియకపోతే మొండిగా కచ్చికి పోవద్దు. మటన్ ముందే ఉడికించి పొరలు వేసే పక్కి పద్ధతి కూడా అసలైన బిర్యానీయే.

రెండోది పచ్చి బొప్పాయి. తొక్కతో నూరిన ముద్ద కిలోకి రెండు టేబుల్ స్పూన్లు వేసి, మసాలా పట్టించాక కనీసం నాలుగు గంటలు ఉంచాలి. బొప్పాయిలో మాంసాన్ని మెత్తబరిచే పపైన్ అనే ఎంజైమ్ చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా పనిచేస్తుంది, ముక్క వేడెక్కే దశలో బాగా జోరందుకుంటుంది. బాగా మెత్తబడుతుందని మరో రెండు స్పూన్లు వేస్తే ముక్క పైన పిండిపిండిగా అయిపోతుంది. చికెన్‌కి బొప్పాయి అవసరమే లేదు.

మూడోది చాలామంది పట్టించుకోనిది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న మటన్‌ని నేరుగా గిన్నెలో వేసి పైన అన్నం పరిస్తే, ఆ చల్లదనం పోయేసరికే పావుగంట పడుతుంది. ఆలోపు పైన అన్నం తన దారిన మెత్తబడుతూ ఉంటుంది. అరగంట ముందు బయట పెట్టండి. గిన్నె కూడా వెడల్పుగా ఉండాలి. ముక్కలు ఒకటి రెండు వరుసల్లో పరుచుకోవాలి గానీ కుప్పగా పడకూడదు.

ఇక అన్నం. అరగంట నానిన బాస్మతి ఎసరులో పడి, మళ్లీ మరుగు పట్టాక నాలుగైదు నిమిషాలకే కింది పొరకి సిద్ధమవుతుంది. ఒక గింజ తీసి గోటితో నొక్కండి. రెండు మూడు ముక్కలుగా విరగాలి, మధ్యలో తెల్లటి పలుకు కనపడాలి. మెత్తగా నలిగిందంటే కచ్చికి అది ఎక్కువ ఉడికినట్టే. కింది పొరకి ఇలా తీసి, మిగతాది ఇంకో రెండు నిమిషాలు ఉంచి పైన వేయండి. సెల్లా బియ్యానికి, అంటే వడ్లుగా ఉన్నప్పుడే ఉడికించి ఆరబెట్టిన బాస్మతికి, ఈ లెక్క పనికిరాదు. అది ఎక్కువసేపు నానాలి, ఎక్కువసేపు ఉడకాలి. అక్కడ నిమిషాలు చూడకుండా గింజనే చూడండి.

మూత తీశాక ముక్క గట్టిగా ఉందని తెలిస్తే కలపకండి. పైన అన్నాన్ని అట్లకాడతో మెల్లగా వెడల్పాటి పళ్లెంలోకి తీయండి. మటన్‌లో పావు గ్లాసు వేడినీళ్లు పోసి, మూతపెట్టి సన్నమంట మీద ముక్క మెత్తబడేదాకా ఉడికించండి. తర్వాత అన్నం తిరిగి పరిచి పది నిమిషాలు సిమ్‌లో ఉంచండి. పొరల అందం కొంచెం పోతుంది, భోజనం మాత్రం నిలబడుతుంది.

అడుగు మాడింది

గిన్నె పలుచగా ఉండడం, పెద్దమంట ఎక్కువసేపు ఉంచడం, మసాలాలో నూనె తక్కువ వేయడం దీనికి కారణాలు. ఉల్లి వేయించిన నూనెలోంచి కనీసం 150 మిల్లీలీటర్లు మటన్‌లో కలపండి. ఇక్కడ పొదుపు చేస్తే అడుగు పట్టడం ఖాయం.

మంట విషయంలో గడియారం కన్నా చెవి నయం. పెద్దమంట మీద పది, పన్నెండు నిమిషాలకి లోపల బుడబుడమని ఉడుకు వినిపిస్తుంది. తడి వేలితో గిన్నె పక్క భాగాన్ని, అన్నం ఉన్న ఎత్తులో, ఇలా తాకి అలా తీస్తే చుర్రుమంటుంది. అంటే ఆవిరి పైదాకా వచ్చింది. అప్పుడు కింద మందపాటి పెనం పెట్టి సిమ్‌కి తగ్గించండి. మటన్‌కి ముప్పైఅయిదు నుంచి నలభైఅయిదు నిమిషాలు, చికెన్‌కి ఇరవై, ఇరవైఅయిదు. బుడబుడ తగ్గి చిటపట మొదలైతే నీరు అయిపోయి నూనె మిగిలిందని అర్థం. వెంటనే స్టవ్ ఆపేసి, పావుగంట కదపకుండా వదిలేయండి.

మాడిన వాసన వస్తే గీకవద్దు. పైపైన వచ్చినంత వరకు వేరే గిన్నెలోకి తీసుకుని అడుగు పొర వదిలేయండి. ఒక్కసారి గీకితే ఆ చేదు మొత్తానికి పాకుతుంది.

అడుగున నీళ్లు, అన్నం ముద్ద

కడిగిన మటన్‌ని చిల్లుల గిన్నెలో ఇరవై నిమిషాలు వదలకపోవడం, పలుచటి పెరుగు, సరిగ్గా వార్చని అన్నం. ఈ మూడింట్లో ఏదో ఒకటై ఉంటుంది. పెరుగు 250 గ్రాములు చాలు, నీళ్లగా ఉంటే బట్టలో కట్టి అరగంట వేలాడదీయండి. గిన్నెలో నీళ్లు నిలిస్తే అన్నం పైకి తీసి, మటన్‌ని మూత లేకుండా పెద్దమంట మీద ఇగరనిచ్చి మళ్లీ పరచండి. ముద్దయిన అన్నాన్ని మాత్రం వెనక్కి తేలేం. పళ్లెంలో పలుచగా పరిచి ఆరనిస్తే కాస్త విడివడుతుంది, అంతే.

పైన అన్నం పలుకుగా ఉంది

ఆవిరి బయటికి పోయింది, లేదా అన్నం మరీ పొడిగా వార్చారు. పై పొరకి చిల్లుల గరిటెతో ఎసరులోంచి తీసి నేరుగా చల్లండి, ఆ అంటుకున్న తడి అవసరం. మూత చుట్టూ గోధుమపిండి సందు లేకుండా అంటించాలి. ఇప్పటికే పలుకుంటే పావు గ్లాసు వేడి పాలు అంచుల వెంట చల్లి, తడిబట్ట కప్పి, మూతపెట్టి పది నిమిషాలు సిమ్‌లో ఉంచండి.

ఉప్పు చాలలేదు, చేదు తగిలింది

ఎసరు నోట్లో వేసుకుంటే ఉప్పు కొంచెం ఎక్కువైందే అనిపించాలి. చాలావరకు వార్పులో పోతుంది. తక్కువైతే ఉప్పుని కాస్త వేడినీళ్లలో కరిగించి చల్లండి, పొడి ఉప్పు వద్దు. చేదు దాదాపు ఎప్పుడూ ఉల్లి వల్లే. నూనెలోంచి తీశాక కూడా అది రంగు మారుతుంది కాబట్టి, బంగారు రంగు రాగానే తీసేయాలి.

విదేశాల్లో కాయిల్ స్టవ్ మీద

సిమ్‌కి తిప్పినా కాయిల్ చాలాసేపు వేడిగానే ఉంటుంది, అడుగు అక్కడే మాడుతుంది. పక్క కాయిల్‌ని ముందే సన్నగా వేడిచేసి, ఆవిరి పట్టగానే గిన్నెని దాని మీదకి మార్చండి. ఓవెన్ ఉంటే ఇంకా మంచిది: స్టవ్ మీద ఆవిరి పట్టించి, 180 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కిన ఓవెన్‌లో నలభైఅయిదు నిమిషాలు పెట్టండి. గిన్నె పిడులు ప్లాస్టిక్‌వి కాకుండా చూసుకోండి.