ఆన్‌లైన్‌లో వాక్‌స్వేచ్ఛ కోసం గొంతెత్తాలనుకుంటున్నారా? ముందు ఈ పనులు చేసుకోండి

పోస్టు పెట్టడం ఎంతసేపు? అది ఎవరికో మింగుడు పడనప్పుడే అసలు తలనొప్పి మొదలవుతుంది. ట్రోలింగ్, పరువునష్టం దావా, ఉద్యోగానికి ఎసరు, కొన్ని దేశాల్లో ఏకంగా జైలు.

1. ఎంతవరకు తట్టుకోగలరో తేల్చుకోండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. మీ మీది కోపం వాళ్ల మీద తీర్చుకునేవాళ్లూ ఉంటారు.

2. సొంత పేరా, మారుపేరా? రెండింటిలో ఏదైనా ఫరవాలేదు, సగం సగం మాత్రం వద్దు. మారుపేరు ఖాతాకు రోజూ వాడే ఫోన్ నంబరు ఇచ్చి, పాత ప్రొఫైల్ ఫొటోనే పెడితే ఇక దాచిందేముంది? దానికంటూ విడిగా ఈమెయిల్ తెరవండి. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు దాగి ఉండొచ్చు. అవి తీసేశాకే పెట్టండి. కిటికీలోంచి కనబడే బోర్డు, మీరు తరచూ వాడే ఊతపదం కూడా మిమ్మల్ని పట్టిస్తాయి.

3. ఖాతాలకు గట్టి తాళం వేయండి. ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ పెట్టుకోండి. రెండో అంచె భద్రతకు ఎస్సెమ్మెస్ ఓటీపీ కన్నా అథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే కోడ్ తయారుచేసేది) మేలు, ఎందుకంటే మీ నంబరుకు కొత్త సిమ్‌ను మోసంతో వేరేవాళ్లు తీసుకునే వీలుంది. తోటివారితో మాటలకు, మెసేజ్‌లు మధ్యలో ఎవరూ చదవలేని సిగ్నల్ లాంటి యాప్ వాడి, మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టండి.

4. ఆశపెట్టే లింకును నొక్కకండి. 2016 ఆగస్టులో యూఏఈ మానవహక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కు ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి. జైళ్లలో చిత్రహింసల గురించి కొత్త రహస్యాలున్నాయట, లింకు నొక్కమన్నారు. ఆయన నొక్కకుండా డిజిటల్ నిఘాపై పరిశోధించే టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌కు పంపారు. నొక్కి ఉంటే ఐఫోన్ మొత్తం నిఘా సాఫ్ట్‌వేర్ చేతికి పోయేది. అదే నెలలో యాపిల్ ఆ సాఫ్ట్‌వేర్ చొరబడే లోపాలు సరిచేస్తూ అప్‌డేట్ ఇచ్చింది. అంత జాగ్రత్తపరుణ్నీ మరుసటి ఏడాది అరెస్టు చేశారు, 2018లో పదేళ్ల జైలుశిక్ష వేశారు. ఫోన్ జాగ్రత్త ఫోన్‌నే కాపాడుతుంది.

5. చట్టం చదవండి. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 19వ అధికరణం భావప్రకటన హక్కును ఇస్తూనే, ఇతరుల పరువు, దేశ భద్రత వంటి కారణాలపై పరిమితులకూ చోటిచ్చింది. అవి చట్టంలో ఉండాలి, అవసరమైనవై ఉండాలి. మీ దేశంలో ఆ గీత ఎక్కడుందో వకీలును అడగండి. ఆయన నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. ఫోన్‌ను స్వాధీనం చేసుకుంటే అందులోని నంబరు ఎందుకూ పనికిరాదు.

6. బెదిరింపులు మొదలైతే జవాబివ్వకండి. ముందు తేదీ, లింకు, పంపినవారి ఖాతా పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే ఫిర్యాదు చేయండి. ముందే ఫిర్యాదు చేస్తే పోస్టు తొలగిపోయి సాక్ష్యం చేజారవచ్చు. టెన్షన్ పెరిగితే నమ్మకమైన మిత్రుడికి ఖాతా అప్పగించి, ఆ మెసేజ్‌లు ఆయన్నే చూడమనండి.