ఆసియా అధ్యయనాల వార్షిక సదస్సుకు ప్యానెల్ ప్రతిపాదన పంపడం ఎలా?

తన చరిత్రను 1941 నుంచి లెక్కించుకునే అసోసియేషన్ ఫర్ ఏషియన్ స్టడీస్ అనే పండిత సంఘం సాధారణంగా మార్చి నెలలో ఉత్తర అమెరికాలోని ఏదో ఒక నగరంలో వార్షిక సదస్సు జరుపుతుంది. 2024లో సియాటిల్‌లో, 2025లో కొలంబస్‌లో జరిగింది. తెలుగు భాష, సాహిత్యం, చరిత్రలపై పనిచేసే పరిశోధకులకు అక్కడ చోటుంది. కానీ ఆ చోటు దక్కాలంటే ఏడెనిమిది నెలల ముందే, అంటే అంతకు ముందటి వేసవిలోనే ప్రతిపాదన పంపాలి. ఒక్కరే ఒక పత్రాన్ని పంపుకొనే వీలు ఉన్నా, ముగ్గురు నలుగురు కలిసి కట్టిన ప్యానెల్‌కే ఎంపికయ్యే అవకాశం మెరుగు అని నా అభిప్రాయం. విడిగా వచ్చిన పత్రాలను నిర్వాహకులు ఏదో ఒక జట్టులో కలపవలసి వస్తుంది. ప్యానెల్‌లో ఆ పని మీరే చేసి ఇస్తున్నారు.

చాలామంది చేసే పొరపాటు ముందు స్నేహితులను పోగుచేసి, తరువాత వారందరి పత్రాలకూ సరిపడే శీర్షికను వెతకడం. అలా వెతికితే దొరికేవి ‘ఆధునిక తెలుగు భాషా వికాసం: కొన్ని కోణాలు’ వంటి గోనెసంచి శీర్షికలే. ముందు ప్రశ్న తేల్చుకోవాలి. ఉదాహరణకు ‘బడిపిల్లవాడు వ్యాసం ఎవరి భాషలో రాయాలి?’ అన్న ప్రశ్నను తీసుకుందాం. మద్రాసు ప్రెసిడెన్సీలో గిడుగు రామమూర్తి వాడుకభాష పక్షాన వాదిస్తుండగా, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. ఇది ఒక పత్రం. తమిళంలో సంస్కృత పదాలు లేని స్వచ్ఛమైన తమిళం కావాలంటూ 1916 ప్రాంతంలో మొదలైన తనిత్తమిళ ఉద్యమం మరొకటి. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన నిజాం రాజ్యంలో, 1926లో వెలువడిన గోలకొండ పత్రిక ఎటువంటి తెలుగు రాసిందన్నది మూడవది. ఇప్పుడు బ్రిటిషు పాలన, నిజాం పాలన, పొరుగు భాష అనే మూడు ప్రదేశాల నుంచి ఒకే ప్రశ్నను అడుగుతున్నాం. ప్రతిపాదనలను చదివి ఎంపిక చేసే పరీక్షకులకు తెలుగు రాకపోయినా, ఇందులో తమకు పనికివచ్చేది ఉందని తెలుస్తుంది. ఆ పరీక్షకులలో తెలుగు చదవగలిగినవారు ఉంటారన్న నమ్మకం పెట్టుకోకూడదు.

ప్రశ్న కుదిరాక మనుషుల మాట. నేను మొదటిసారి కూర్చిన ప్యానెల్‌లో నలుగురమూ ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే గురువు దగ్గర పరిశోధన చేస్తున్నవాళ్లం. నెలరోజులు కూర్చుని రాసిన ఆ ప్రతిపాదన నాలుగు వాక్యాల ఉత్తరంతో తిరిగివచ్చింది. వేర్వేరు సంస్థల నుంచి, వీలైతే వేర్వేరు దేశాల నుంచి, పరిశోధక విద్యార్థులూ అనుభవజ్ఞులైన ఆచార్యులూ కలిసి ఉండేలా, స్త్రీ పురుషులిద్దరూ ఉండేలా కూర్చడం మేలు. పత్రాలు చదివేవారితో పాటు ఒక అధ్యక్షుడు, పత్రాలన్నీ విన్నాక వాటిపై వ్యాఖ్యానించే ఒక చర్చాకర్త కావాలి. చర్చాకర్తగా మీ రంగంలో పేరున్నవారిని పరిచయం లేకపోయినా అడగడానికి మొహమాటపడవద్దు. ఉత్తరంలో ప్యానెల్ ప్రశ్నను రెండు వాక్యాలలో చెప్పి, ఎప్పటికల్లా పత్రాలు అందిస్తారో తేదీతో సహా రాస్తే, కుదరదనుకున్నవారు కూడా మరొకరి పేరు సూచిస్తారు. ఒక వ్యక్తి సదస్సులో ఎన్ని చోట్ల పాల్గొనవచ్చన్న దానికి పరిమితి ఉంటుంది కాబట్టి, వారు ఇప్పటికే మరొక ప్యానెల్‌కు మాట ఇచ్చారేమో ముందే కనుక్కోవాలి.

ఇక సారాంశాలు. ప్యానెల్ మొత్తానికి ఒకటి, ఒక్కొక్క పత్రానికి ఒకటి చొప్పున ఆంగ్లంలో రాయాలి. ఒక్కొక్కటి సుమారు 250 పదాలకు మించనివ్వరు. ప్యానెల్ సారాంశం అంటే నాలుగు పత్రాల సారాంశాలను వరసగా కుదించి పెట్టడం కాదు. ఇప్పటివరకు పండితులు ఏమనుకున్నారు, అందులో ఏది చాలదు, ఈ పత్రాలు పక్కపక్కన నిలబడితేనే ఏది కనబడుతుంది అన్నవి అందులో ఉండాలి. పత్ర సారాంశంలో మాత్రం మీరు వాడే ఆధారాన్ని పేరు పెట్టి చెప్పాలి. ‘వివిధ ఆధారాలను పరిశీలిస్తాను’ అన్నది ఎవరైనా రాయగల వాక్యం. ‘మద్రాసు విద్యాశాఖకు ఉపాధ్యాయులు పంపిన అర్జీలను చదువుతాను’ అన్నది ఆ అర్జీలను చూసినవారే రాయగలరు.

సారాంశాలన్నీ చేతికి వచ్చాక ఒకే కూర్పులో సరిచూసుకోవడం ప్యానెల్ నిర్వాహకుని బాధ్యత. ఒకరు రామమూర్తి పేరును చివర టీ-ఐ అక్షరాలతోనూ, మరొకరు టీ-హెచ్-వై అక్షరాలతోనూ రాస్తే, తెలుగు తెలియని పరీక్షకులు ఇద్దరు వేర్వేరు మనుషులనుకునే ప్రమాదం ఉంది.

సమయం లెక్క కూడా ప్రతిపాదన దశలోనే వేసుకోవాలి. ప్యానెల్‌కు 90 నిమిషాలు దొరికితే, నలుగురు చెరి పదిహేను నిమిషాలు చదివేసరికి గంట అవుతుంది. చర్చాకర్తకు పది, పరిచయాలకు ఐదు పోగా సభికులకు మిగిలేది పదిహేను నిమిషాలే. అందుకే మూడు పత్రాలతో సరిపెట్టుకోవడం మంచిదని నేను అంటాను.

ప్రతిపాదనను ఆన్‌లైన్‌లోనే నింపాలి. ప్రతి ఒక్కరి పేరు, సంస్థ, ఈమెయిల్ నిర్వాహకుని దగ్గర సిద్ధంగా ఉండాలి. గడువు రోజున ఒకరి ఈమెయిల్ కోసం ముగ్గురికి ఫోన్లు చేయడం నేను చూశాను. గడువు అమెరికా తూర్పు తీర కాలమానంలో ఉంటే, వేసవిలో అక్కడి సాయంత్రం ఐదు గంటలు అంటే హైదరాబాదులో అప్పటికే మరుసటి తేదీ, తెల్లవారుజామున రెండున్నర. కనీసం రెండు రోజుల ముందే పంపేసి, అందినట్టు వచ్చిన ఈమెయిల్‌ను దాచుకోవాలి.

ఆమోదం అందిన రోజే ప్రయాణం పనులు మొదలుపెట్టాలి. అమెరికాలో సదస్సయితే హైదరాబాదు కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకు నెలల తరబడి ఆగవలసి రావచ్చు. 2026లో వాంకూవర్‌లో లాగా కెనడాలో జరిగితే వీసా వేరు. భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి, భారతీయ చరిత్ర పరిశోధనా మండలి వంటి సంస్థల ప్రయాణ సహాయానికి దరఖాస్తు చేసేటప్పుడు ఆమోద పత్రాన్ని జతచేయాలి. తిరస్కరణ వస్తే అదే ప్యానెల్‌ను సరిదిద్ది, అక్టోబరులో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం జరిపే దక్షిణాసియా సదస్సుకు పంపవచ్చు. అక్కడికి వచ్చేవారు దక్షిణాసియాపై పనిచేసేవారే కాబట్టి, గిడుగు ఎవరో వివరించడానికి మీరు రెండు వాక్యాలు తక్కువ రాసినా సరిపోతుంది.