కెమెరా పాఠాలు – 6: లెన్సు రివ్యూ వీడియోను చూడడం ఎలా?

ఎపర్చర్ (లెన్సులోంచి వెలుతురు వచ్చే రంధ్రం) గురించిన గత పాఠం చదివాక 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు మీద కొందరికైనా మనసు పడి ఉంటుంది. ఇక యూట్యూబ్‌లో రివ్యూల వేట మొదలవుతుంది. చూడండి, తప్పు లేదు. ఏ విషయంలో వీడియోను నమ్మవచ్చో ముందు తేల్చుకోండి.

షార్ప్‌నెస్ విషయంలో నమ్మకండి. 4కె వీడియోలో ఒక్కో ఫ్రేము 3840×2160 పిక్సెళ్లు, అంటే 8.3 మెగాపిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ అయితే 2 మెగాపిక్సెళ్లే. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను అంతకు కుదించి, కంప్రెషన్‌లో నలిపి, ఫోను తెర మీద చూపిస్తే కెమెరాతో పాటే వచ్చే పాత కిట్ లెన్సు కూడా ముచ్చటగానే కనిపిస్తుంది. ఫొటో మూలలను 100 శాతానికి పెంచి, రంధ్రం బాగా తెరిచిన ఎఫ్/1.8లో, కాస్త మూసిన ఎఫ్/4లో పక్కపక్కన చూపితేనే లెక్క. అసలు ఫైళ్లు డౌన్‌లోడ్‌కు పెట్టి ఉంటే వీడియో ఆపేసి వాటినే తెరవండి.

కదలికను చూపడంలో మాత్రం వీడియోకు సాటి లేదు. నడిచి వస్తున్న మనిషి ముఖాన్ని ఫోకస్ వదలకుండా పట్టుకుంటోందా, ముందుకూ వెనక్కూ తడుముకుంటోందా? ఫోకస్ మారుతుంటే దృశ్యం కాస్త పెద్దదో చిన్నదో అవుతోందా? దీన్ని ఫోకస్ బ్రీతింగ్ అంటారు. ఫొటోలు మాత్రమే తీసేవారికి దీనితో పని లేదు, పెళ్లి వీడియోలు తీసేవారికి తలనొప్పి. మోటారు గరగరలాడుతోందా అన్నది కూడా వినండి. మాట్లాడేవారి చొక్కాకు తగిలించిన మైకుతో రికార్డు చేస్తే ఆ చప్పుడు వినిపించకపోవచ్చు.

లెన్సును ఏ కెమెరాకు తగిలించారో చూడడం చాలామంది మరిచిపోతారు. ఫోకస్ చురుకుదనంలో సగం పని కెమెరాదే. పైగా రివ్యూలో పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉండి, మీది అంతకంటే చిన్నదైన 1.5 క్రాప్ సెన్సర్ అయితే 50 మి.మీ. లెన్సు 75 మి.మీ. లెన్సులా ఇరుకైన చూపునే ఇస్తుంది. చిన్న హాల్లో నలుగురిని నిలబెట్టి తీయాలంటే మీ వీపు గోడకు తగులుతుంది.

ఉచితంగా వచ్చిన వస్తువైతే ఆ సంగతి చెప్పాలని మన ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కి 2021లోనే నియమం పెట్టింది. వీడియో కింది వివరణలో వెతకండి.

అభ్యాసం: ఒకే లెన్సుకు రెండు రివ్యూలు ఎంచుకుని, మొదట శబ్దం ఆపి చూడండి. ప్రతి నమూనా ఫొటోకూ కెమెరా, ఎపర్చర్, వెలుతురు రాసుకోండి. ఈ మూడూ తెలియని నమూనాను కొట్టేయండి. ఆ కాగితం దాచండి. వచ్చే పాఠంలో ఫ్లాష్ మెళకువలు నేర్పే వీడియోలను పరిశీలించేటప్పుడు మళ్లీ కావాలి.