పచ్చని ఆపరేషన్ థియేటర్ – 3వ పాఠం: గ్యాస్ ఫ్లో తగ్గించడం

పోయిన పాఠంలో, ఇన్ఫెక్షన్ ఉన్న ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచి పని చూశాం. గ్లవ్స్ మీది కాగితం అందులో పడకుండా వారం రోజులు ఆపగలిగారంటే ఈ పాఠం మీకు కష్టం కాదు. ఈసారి కంటికి కనిపించని చెత్త సంగతి.

థియేటర్ వెనక్కి వెళ్లి చూడండి. గోడలోంచి ఒక పైపు బయటికి వచ్చి ఉంటుంది. మత్తు మెషీన్‌లో మిగిలిన గ్యాస్ పోయే దారి అదే. పేషెంట్ పీల్చిన సెవోఫ్లూరేన్ అనే మత్తు మందులో ఒంట్లో మారిపోయేది 5 శాతానికి మించదు. మిగతాదంతా గాలిలోకే. కొన్ని చిన్న ఆసుపత్రుల్లో ఆ పైపు కూడా ఉండదు, అక్కడ ముందు పీల్చేది మనమే.

ఈ గ్యాసులు భూమిని వేడెక్కిస్తాయి. 100 ఏళ్ల లెక్కలో డెస్‌ఫ్లూరేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 2,500 రెట్లు, ఐసోఫ్లూరేన్ 500 రెట్లకు పైగా. నైట్రస్ ఆక్సైడ్ అయితే వందేళ్లకు పైగా గాలిలోనే ఉండిపోతుంది. మే నెలలో నల్లగొండలో పనిచేసేవాళ్లకు వేడి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

పడుకున్న పెద్ద మనిషికి నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ చాలు. మనం చాలాసార్లు మెషీన్‌లోకి వదిలే తాజా గ్యాస్‌ను, అంటే ఫ్లోను, నిమిషానికి 6 లీటర్లు పెట్టి కేసు అయ్యేదాకా అలాగే వదిలేస్తాం. ఒకప్పుడు బత్తాయి తోటకు మోటారు వేసి కాలువలో పారించినట్టే ఇది. చెట్టు తాగేది కొంచెం, వృథా అయ్యేది ఎక్కువ. తోటల్లోకి డ్రిప్ వచ్చింది. థియేటర్‌లో డ్రిప్ లాంటిదే లో ఫ్లో, అంటే ఆ గ్యాస్ తక్కువగా వదలడం.

లెక్క గుర్తుపెట్టుకోండి: నిమిషానికి ఫ్లో లీటర్లు × డయల్ శాతం × 3. డయల్ అంటే మత్తు మందును ఆవిరి చేసే వేపరైజర్ మీద పెట్టే అంకె. గంటకు ఖర్చయ్యే మందు మిల్లీలీటర్లలో సుమారుగా వస్తుంది. సెవో 2 శాతం, ఫ్లో 6 లీటర్లు అయితే 36 మి.లీ. 250 మి.లీ. సీసా ఏడు గంటల్లో ఖాళీ. అదే 1 లీటరు అయితే 6 మి.లీ., సీసా 40 గంటలు దాటుతుంది. తక్కువ ఫ్లోలో డయల్ కాస్త పెంచాల్సి వచ్చినా ఆదా ఆదాయే. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు ముందు ఈ లెక్కే చూపించండి.

ఫ్లో ఎంత ఉండాలో నిర్ణయించేది మత్తు డాక్టరు గారే. మన పని, ఆయన ధైర్యంగా తగ్గించగలిగేలా మెషీన్ సిద్ధంగా ఉంచడం. పొద్దున లీక్ టెస్ట్ తప్పనిసరి: వాల్వ్ మూసి, పేషెంట్ వైపు ఉండే వై పీస్‌కు అడ్డం పెట్టి, ప్రెషర్ 30కి తెచ్చి చూడండి. ముల్లు నిలబడకపోతే లో ఫ్లో మాట ఎత్తొద్దు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మానిటర్లు పనిచేయాలి. లోపలికి పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ సున్నా దాటి పైకి వస్తుంటే సోడా లైమ్ (పేషెంట్ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేసే గుళికలు) అయిపోయినట్టే అనుకుని చూడండి.

సోడా లైమ్ రంగును కేసు అయిన వెంటనే చూడాలి. వాడేటప్పుడు ఊదా రంగుకు తిరిగిన గుళికలు రాత్రంతా ఆగితే మళ్లీ తెల్లబడతాయి. పొద్దున చూసి బాగానే ఉందనుకుంటాం. నేను పనిచేసిన ఒకచోట శనివారం ఆక్సిజన్ నాబ్ కట్టేయడం మరిచిపోయారు, ఆదివారమంతా గాలి పారింది. సోమవారం డబ్బా చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, లోపల గుళికలు గలగలమంటున్నాయి. అలా ఎండిన సోడా లైమ్ మీద ఐసోఫ్లూరేన్ వెళితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. పేషెంట్ వచ్చేలోపు మొత్తం మార్చేశాను. ఇంటికి వెళ్లేముందు ఫ్లో మీటర్లన్నీ సున్నాకు తెచ్చి, చేత్తో ముట్టి చూసుకోండి.

పేషెంట్ గొంతులోకి ఊపిరి ట్యూబ్ వేసే సమయంలో వేపరైజర్ కాకుండా ఫ్రెష్ గ్యాస్ ఆపడం మంచి అలవాటు. ట్యూబ్ వేశాక కొన్ని నిమిషాలు ఎక్కువ ఫ్లో అవసరమే. ఆ తర్వాత, "సార్, ఫ్లో తగ్గిద్దామా?" అని ఒక్క మాట అడగండి.

ఈ వారం అభ్యాసం: పది కేసులు నోట్‌బుక్‌లో రాయండి. ట్యూబ్ వేసిన 15 నిమిషాలకు ఫ్లో ఎంత, డయల్ ఎంత, కేసు ఎంతసేపు నడిచింది. పేషెంట్ పేరు వద్దు. పక్కనే పైన చెప్పిన లెక్క కట్టండి. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకునే నాలుగో పాఠంలో, రాత్రంతా ఖాళీ థియేటర్‌లో నడిచే ఏసీ దగ్గరికి వెళ్దాం.