సొంత కంపైలర్‌తో క్లాస్ ఫైలు రాయించడం

సరదాకి తెలుగు కీవర్డ్‌లతో చిన్న భాష ఒకటి తయారు చేసుకుంటున్నాను. పార్సర్ (కోడును చదివి విడదీసే భాగం) అయ్యాక నేరుగా జావా బైట్‌కోడే (జావా వర్చువల్ మెషీన్, అంటే జేవీఎం, నడిపే ఆదేశాలు) క్లాస్ ఫైలుగా రాయిద్దామని కూర్చున్నా. ఎలాగూ చివరికి బైట్‌కోడ్ రాసిపెట్టే ఏఎస్ఎం లైబ్రరీ వాడతారు. అయినా మొదటి ఫైలు మాత్రం బైటు బైటుగా మీరే రాయండి, తర్వాత వచ్చే ఎర్రర్లు చూసి కంగారు పడరు.

'చూపించు 10 + 20' అనే ఒక్క లైను చాలు. అదే పని చేసే జావా ప్రోగ్రాం కంపైల్ చేసి, జావాపి టూల్‌తో విప్పి చూడండి. 10 + 20 అని నేరుగా రాస్తే జావా కంపైలర్ ముందే కూడేసి 30 పెట్టేస్తుంది. వేరియబుల్స్‌లో వేసి కూడండి.

ఫైలు మొదట్లో 'కేఫ్ బేబ్' అనే నాలుగు మ్యాజిక్ బైట్లు, తర్వాత వెర్షన్. అక్కడ 49 వేయండి, కారణం చివర్లో చెప్తా. ఆపైన కాన్‌స్టంట్ పూల్, అంటే ఫైల్లో వాడే పేర్లు, స్థిర విలువల పట్టిక. కన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్క మెయిన్‌తో నాకు 19 ఎంట్రీలు వచ్చాయి. కౌంట్ మాత్రం 20 వేయాలి, నంబర్లు 1 నుంచి మొదలవుతాయి కాబట్టి. లాంగ్, డబుల్ ఒక్కోటీ రెండు నంబర్లు తినేస్తాయి.

నేను బోర్లా పడింది పేర్ల దగ్గర. క్లాసు పేరు 'లెక్క' అని పెట్టి, పొడవు 5 అని రాశాను (గుణింతం గుర్తు, పొల్లు కూడా ఒక్కో క్యారెక్టరే). జేవీఎంకి కావాల్సింది బైట్ల లెక్క. ఒక్కో తెలుగు క్యారెక్టర్‌కి 3 చొప్పున 15. దాంతో క్లాస్ ఫార్మాట్ ఎర్రర్! డేటా అవుట్‌పుట్ స్ట్రీమ్‌లోని రైట్‌యూటీఎఫ్ మెథడ్ వాడితే పొడవు అదే సరిగ్గా రాసిపెడుతుంది.

ఇక కోడు 12 బైట్లే: గెట్‌స్టాటిక్ (ప్రింట్ స్ట్రీమ్‌ని తెచ్చేది), రెండు బైపుష్‌లు (అంకెలను స్టాక్‌పై పెట్టేవి), ఐయాడ్ (కూడేది), ఇన్‌వోక్‌వర్చువల్ (ప్రింట్ మెథడ్‌ని పిలిచేది), రిటర్న్. మ్యాక్స్ స్టాక్, అంటే స్టాక్‌పై ఒకేసారి ఉండే విలువల గరిష్ఠ సంఖ్య, 3. రెండు అంకెలే కదా అని 2 వేశారో, వెరిఫై ఎర్రర్ ఖాయం. వాటి కింద ప్రింట్ స్ట్రీమ్ ఆబ్జెక్టు కూడా కూర్చుని ఉంటుంది.

అసలు టెన్షన్ 'ఒకవేళ' కీవర్డ్‌తో మొదలైంది. జంప్ వస్తే వెర్షన్ 51 నుంచి స్టాక్ మ్యాప్ టేబుల్ (జంప్ చేరే చోట స్టాక్‌లో, వేరియబుల్స్‌లో ఏ రకం విలువలున్నాయో చెప్పే పట్టిక) తప్పనిసరి. 49లో ఆ గొడవ లేదు, కోడు సరిగా ఉందో తనిఖీ చేసే పాత వెరిఫైయరే చూసుకుంటుంది. ఇన్‌వోక్‌డైనమిక్ (ఏ మెథడ్ పిలవాలో నడిచేటప్పుడు తేల్చే ఆదేశం) కావాలంటే మాత్రం 51కి వెళ్లక తప్పదు. అప్పుడు ఏఎస్ఎంలో కంప్యూట్ ఫ్రేమ్స్ ఆప్షన్ పెట్టుకోండి, ఆ టేబుల్ అదే కడుతుంది. అది రెండు క్లాసుల ఉమ్మడి తండ్రిని వెతకడానికి ఆ క్లాసులను లోడ్ చేయబోతుంది. మీ క్లాసు ఇంకా పుట్టనే లేదు! గెట్ కామన్ సూపర్ క్లాస్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి, జవాబు మీ సింబల్ టేబుల్ (మీ కంపైలర్ దాచుకునే పేర్ల పట్టిక) నుంచే ఇవ్వండి.