తలకు దెబ్బ తగిలినవాళ్లకి రిహాబ్: నలుగురం కలిసి ఒక్క మనిషిని చూడడం ఎలా

ఐసీయూ దాటి రిహాబ్‌కి, అంటే మళ్లీ తన పనులు తాను చేసుకునేలా చేసే థెరపీకి, వచ్చిన పేషెంట్ ఫైలు తీస్తే నోట్సుకి లోటుండదు. ఫిజియో కాలి బలం రాస్తారు, స్పీచ్ థెరపిస్ట్ మాట గురించి, సైకాలజిస్ట్ మెమరీ స్కోరు రాస్తారు. అంతా చదివాక కూడా ఆ మనిషికి ఏం కావాలో ఒక్క పేజీలోనూ దొరకదు. నా బాధంతా అదే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మనిషిని మొత్తంగా చూసే ఈ పద్ధతిని హోలిస్టిక్ రిహాబ్ అంటారు. హోలిస్టిక్ అంటే మందులకి తోడు ధ్యానం, మర్దన కలపడం కాదు. కదలిక, ఆలోచన, మాట, మనసు, ఇల్లు, ఉద్యోగం అన్నీ ఒకే ప్లాన్‌లో ఉండాలి, ఆ ప్లాన్‌కి అందరూ కట్టుబడాలి. 1970లలో యెహుదా బెన్-యిషాయ్, ఆ తర్వాత జార్జ్ ప్రిగటానో అనే న్యూరోసైకాలజిస్టులు వేసిన దారి ఇది. 1996లో బార్బరా విల్సన్ ఇంగ్లండ్‌లోని ఈలీలో ఆలివర్ జాంగ్విల్ సెంటర్ అనే మెదడు దెబ్బల రిహాబ్ కేంద్రం పెట్టి ఇదే పద్ధతిలో నడిపించారు.

మొదటి వారంలోనే పేషెంట్‌నీ ఇంటివాళ్లనీ కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: "ఇంటికెళ్లాక ఎవరి సాయం లేకుండా మొదట ఏ పని చేసుకోవాలనుంది?" జవాబుని వాళ్ల మాటల్లోనే ఫైలు మొదటి పేజీలో రాయండి. "బ్యాలెన్స్ మెరుగుపడాలి" అనేది మన గోల్. "బాత్రూమ్‌కి నేనే వెళ్లాలి" అనేది ఆయన గోల్. రెండోదాని కింద మొదటిది దానంతటదే వస్తుంది.

ఇక కలిసి పని చేయడం. వారానికోసారి మీటింగ్ పెట్టుకోవడం మంచిదే గానీ, దానికన్నా ఒక్కసారి నలుగురూ కలిసి పేషెంట్ పళ్లు తోముకోవడం చూడండి, ఎంత తెలుస్తుందో. నేను చూసిన ఒకాయన వాష్‌బేసిన్ ముందు నిలబడి పేస్ట్ కోసం కుడివైపంతా తడిమారు, సబ్బు తీశారు, మళ్లీ పెట్టారు, చివరికి "పేస్ట్ లేదు" అని గట్టిగా చెప్పేశారు. అది ఎడమవైపు, ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. కళ్లు బాగానే ఉన్నాయి, మెదడు ఎడమవైపుని పట్టించుకోవడం మానేసింది. ఫిజియో ఆయన బరువంతా కుడికాలి మీదే ఉందని గమనించారు. ఒకేసారి రెండు పనులు చెబితే ఆగిపోతున్నారని స్పీచ్ థెరపిస్ట్‌కి అర్థమైంది. మేం చేసింది చాలా చిన్న పని: బేసిన్ ఎడమ అంచుకి ఎర్ర టేప్ అంటించి, "ఎర్ర టేప్ కనిపించేదాకా తల తిప్పండి" అనే ఒక్క వాక్యం ఖాయం చేసుకున్నాం. నర్సులు, ఆయన భార్య, మేం అందరం అదే వాక్యం, అదే మాటల్లో. తలోరకంగా చెబితే ప్రతిసారీ ఆయనకి అది కొత్త పాఠమే అవుతుంది.

జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవాళ్లని "గుర్తు తెచ్చుకోండి, ఊహించండి" అని ఎప్పుడూ అడగకండి. తప్పు చేశామన్న సంగతి గుర్తుండదు, చేసిన తప్పు మాత్రం అలవాటుగా నిలబడిపోతుంది. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన అలన్ బ్యాడ్లీ, పైన చెప్పిన బార్బరా విల్సన్ 1994లో చూపించింది ఇదే. జవాబు ముందే చెప్పేసి, చేయిస్తూ, సాయం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. ఫోన్‌లో అలారం మొహమాటం లేకుండా వాడించండి. 2001లో 143 మందితో చేసిన ఒక ట్రయల్‌లో, పేజర్ (మెసేజ్ చూపించే చిన్న పరికరం) గుర్తుచేస్తే చేయాల్సిన పనులు చాలా ఎక్కువగా పూర్తయ్యాయి. అలారం మెసేజ్ "మందులు" అని కాకుండా "నీలం డబ్బాలో ఉదయం మాత్ర ఇప్పుడు వేసుకో" అన్నట్టు ఉండాలి.

"నాకేం కాలేదు" అనేవాళ్లతో వాదించొద్దు. చాలాసార్లు అది మొండితనం కాదు, తన లోపాన్ని తాను గుర్తించే శక్తే దెబ్బతింటుంది. పని మొదలుపెట్టే ముందు "ఎంతసేపు పడుతుంది, ఎంత సాయం కావాలి?" అని ఆయన్నే అంచనా వేయమనండి, అయ్యాక ఇద్దరూ కలిసి పోల్చి చూడండి. నెమ్మదిగా, నలుగురి ముందు కాకుండా. తన పరిస్థితి అర్థమయ్యే కొద్దీ దిగులు ముంచుకొస్తుంది కాబట్టి ఆ సమయంలో సైకాలజిస్ట్ దగ్గరే ఉండాలి.

అలసట విషయంలో మనవాళ్లే ఎక్కువ పొరపాటు చేస్తారు. "కోఆపరేట్ చేయడం లేదు" అని రాసిన పేషెంట్‌కి అదే సెషన్ రాత్రి బాగా నిద్రపోయాక, ఉదయంపూట, సగం టైమ్‌కి కుదించి పెట్టి చూడండి. కష్టమైన పనులు ముందు, మధ్యలో నిజమైన విశ్రాంతి, అంటే టీవీ కూడా లేకుండా.

ఇంకా అయోమయంలో, ఆందోళనగా ఉన్న పేషెంట్‌కి టెస్టులు పెట్టకండి. గది ప్రశాంతంగా ఉండాలి, రోజూ కనిపించే ముఖాలే ఉండాలి. డాక్టర్‌ని మత్తు మందు రాయమని అడిగే ముందు నొప్పి ఉందా, మూత్రం ఆగిందా, మలబద్ధకమా, ఇన్ఫెక్షనా చూడండి. బాగా కోలుకుంటున్న మనిషికి మత్తు పెరిగినా, వాంతులు, కొత్త తలనొప్పి వచ్చినా, నడక వెనక్కి వెళ్లినా థెరపీ ఆపి వెంటనే డాక్టర్‌కి చూపించాలి. తల లోపల రక్తం చేరడం, నీరు చేరడం ఇలాగే బయటపడొచ్చు. ఇంటి దగ్గర మూలికలు, సప్లిమెంట్లు ఏం వాడుతున్నారో కూడా అడగండి, రక్తం పలచబడే మందులతో జింకో (జ్ఞాపకశక్తి కోసమని వాడే మూలిక) లాంటివి కలిస్తే ప్రమాదం.

ఇంటివాళ్లకి వేరే టైమ్ ఇవ్వండి. "ఈయన మా ఆయనలా లేరండీ" అని ఒకావిడ నాతో అన్నప్పుడు, కోపాన్ని ఆపే మెదడు భాగం దెబ్బతిందని, అది ఆవిడ మీద ద్వేషం కాదని బొమ్మ గీసి చెప్పాను. చాలాసేపు ఏడ్చి, ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నారు. భార్యని ఇంకో థెరపిస్ట్‌గా మార్చేయకండి, ఆవిడకి నిద్ర ఉందా అని అడగండి.

హాస్పిటల్‌లో వచ్చిన పని ఇంట్లో రాకపోవచ్చు. అందుకే డిశ్చార్జికి ముందే ఒకసారి ఇంటికెళ్లి ఆ బాత్రూమ్‌లోనే చేయించండి, కుదరకపోతే వీడియో కాల్‌లో చూడండి. వెళ్లేటప్పుడు ఎర్ర టేప్ చుట్ట వెంట తీసుకెళ్లండి.